వేట లెక్క నుంచి ఉనికి లెక్కకు: శీతకాలపు పక్షిగణన, స్వచ్ఛంద గణకుల చరిత్ర

వ్యాససంగ్రహం

ఏటా చలికాలంలో నిర్ణీత ప్రదేశాలలో, నిర్ణీత దినాలలో స్వచ్ఛందంగా పక్షులను లెక్కించే పద్ధతి 1900లో ఉత్తర అమెరికాలో ఆరంభమైంది. నీటిపక్షులకు సంబంధించిన ఇటువంటి గణన 1987 నుంచి భారత ఉపఖండంలో జరుగుతున్నది. వేట సంప్రదాయానికి ప్రత్యామ్నాయంగా పుట్టిన ఈ లెక్క క్రమంగా ఒక చారిత్రక ఆధారంగా ఎలా రూపొందిందో, దానిని ఆధారంగా స్వీకరించేటప్పుడు పాటించవలసిన విమర్శదృష్టి ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొల్లేటి గూడబాతులు, కలివికోడి ఉదంతాల ద్వారా 'నమోదు కాకపోవడం', 'లేకపోవడం' అనే రెండు స్థితుల మధ్య భేదాన్ని చర్చిస్తుంది. ఈ గణనలో తెలుగు భాషకున్న స్థానాన్ని నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

కీలకపదాలు: పక్షిగణన, స్వచ్ఛంద గణకులు, శీతకాలపు వలస, కొల్లేరు, గూడబాతు, కలివికోడి, దేశీయ నామాలు, చారిత్రక ఆధారం.

1. ప్రవేశిక

చరిత్ర రచనకు శాసనాలు, నాణేలు, కైఫియతులు, దస్తావేజులు ఆధారాలని మనకు తెలుసు. మనుషులు తమ గురించి రాసి పెట్టుకొన్నవే వీటిలో అధికభాగం. ఒక చెరువులో ఫలానా సంవత్సరం పుష్యమాసంలో ఎన్ని బాతులు దిగాయో చెప్పే శాసనం మనకు కనిపించదు. చెరువు తవ్వించిన వాని పేరు, దాని కింద సాగయ్యే భూమి, తూముల వివరం కనిపిస్తాయి. చెరువును ఆశ్రయించిన ప్రాణుల లెక్క మాత్రం ఎవరికీ అవసరమనిపించలేదు.

పక్షులు మన సాహిత్యంలో లేవని దీని అర్థం కాదు. హంస పాలను, నీళ్లను వేరుచేస్తుంది. చకోరం వెన్నెల తాగుతుంది. చక్రవాక మిథునం రాత్రివేళ విడిపోతుంది. ఇవి కవిసమయాలు. ఇవి భావాన్ని చెప్పడానికి పుట్టినవే గాని పక్షిని చెప్పడానికి పుట్టినవి కావు. ఇందుకు భిన్నంగా, కళ్లారా చూసిన పక్షి కనిపించే ఘట్టాలూ ఉన్నాయి. 'ఆముక్తమాల్యద'లోని శ్రీవిల్లిపుత్తూరు వర్ణనలో, రెక్కల సందున తల దూర్చి కాలువగట్టున నిద్రిస్తున్న బాతులను చూసి, బ్రాహ్మణులు స్నానానంతరం పిండి మరచిపోయిన ధోవతులని తలారులు భ్రమపడతారు. తీయబోగా అవి లేచిపోతాయి. ఇది హాస్యఘట్టమే. అయినా పక్షులను లెక్కించే ప్రతివారికీ ఎదురయ్యే మొదటి చిక్కు ఇందులో ఉంది: తెల్లవారుజామున, దూరం నుంచి, చూస్తున్నది ఏమిటో ఎలా నిశ్చయించడం?

ఆ నిశ్చయాన్ని ఒక క్రమంలో పెట్టి, ఏటా అదే కాలంలో అదే చోట పునరావృతం చేసి, ఫలితాన్ని రాసిపెట్టడమే శీతకాలపు పక్షిగణన. దీనిని నిర్వహించేవారిలో అత్యధికులు జీతం తీసుకొనే శాస్త్రజ్ఞులు కారు. ఉపాధ్యాయులు, వైద్యులు, బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు. వారి శ్రమ ఎటువంటి జ్ఞానాన్ని సృష్టించిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. తుపాకి నుంచి కాగితానికి

పందొమ్మిదవ శతాబ్ది చివరిదశలో ఉత్తర అమెరికాలో క్రిస్మస్ నాడు ఒక వినోదం ఉండేది. వేటగాళ్లు రెండు జట్లుగా విడిపోయి రోజంతా పొలాలలో, అడవులలో తిరిగి కనిపించిన పక్షులను, జంతువులను చంపేవారు. సాయంత్రం కుప్పలు లెక్కించి ఎక్కువ చంపిన జట్టును విజేతగా ప్రకటించేవారు. చంపిన ప్రాణి పనికివస్తుందా, రాదా అన్నది ముఖ్యం కాదు. సంఖ్యే ముఖ్యం.

పక్షుల ఈకలు స్త్రీల టోపీలకు అలంకారంగా విరివిగా వాడుకలో ఉన్న కాలం కూడా అదే. ఫ్రాంక్ చాప్‌మన్ అనే యువకుడు 1886లో న్యూయార్క్ నగరపు దుకాణాల వీధులలో రెండు మధ్యాహ్నాలు నడిచి, తనకు ఎదురైన టోపీలను లెక్కించాడు. 700 టోపీలలో 542 ఈకలతో అలంకరించినవే. వాటిలో 40 రకాల పక్షులను గుర్తించగలిగాడు. చాప్‌మన్ కళాశాల విద్య చదవలేదు. బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, ఖాళీ వేళలలో పక్షులను పరిశీలిస్తూ, స్వయంకృషితో పక్షిశాస్త్రం నేర్చుకొన్నాడు. తరువాత న్యూయార్క్‌లోని అమెరికన్ ప్రకృతి చరిత్ర సంగ్రహాలయంలో చేరాడు. 1899లో 'బర్డ్ లోర్' అనే పత్రికను స్థాపించాడు.

ఆ పత్రిక 1900 డిసెంబరు సంచికలో ఆయన ఒక ప్రతిపాదన చేశాడు. క్రిస్మస్ నాడు పక్షులను చంపి లెక్కించడానికి బదులు, చూసి లెక్కించి, ఆ జాబితాను పత్రికకు పంపమన్నాడు. ఆ డిసెంబరు 25న 27 మంది 25 చోట్ల పక్షులను లెక్కించారు. కెనడాలోని టొరాంటో మొదలు కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్రోవ్ వరకు ఆ ప్రదేశాలు విస్తరించి ఉన్నాయి. అందరూ కలిసి సుమారు 90 జాతులను నమోదు చేశారు.

చాప్‌మన్ పాత వినోదపు రూపాన్ని దాదాపు యథాతథంగా నిలుపుకొన్నాడు. అదే పండుగ రోజు, అదే జట్టు, రోజంతా అదే తిరుగుడు, సాయంత్రం అదే లెక్క. మారినది ఒక్క క్రియాపదం: 'చంపు' అన్నచోట 'చూడు' వచ్చింది. నిషేధించడం కంటే ప్రత్యామ్నాయం చూపడం ఫలించిన సందర్భమిది. ఆ సంవత్సరమే అమెరికాలో అక్రమంగా వేటాడిన ప్రాణుల అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని అరికట్టే లేసీ చట్టం వచ్చింది. 1918లో వలసపక్షుల ఒప్పంద చట్టం వచ్చింది. చట్టం చేతులను ఆపగా, గణన ఆ చేతులకు వేరే పని ఇచ్చింది.

మన దేశంలోనూ వేట లెక్కకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ చిత్తడినేలలో 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. అటువంటి వేటల వివరాలను తేదీలతో, అతిథుల పేర్లతో, సంఖ్యలతో రాతిపలకలపై చెక్కించారు. అవి నేటికీ అక్కడ ఉన్నాయి. నీటిపక్షుల సంఖ్యను రాతిపై చెక్కిన అరుదైన శాసనాలు అవి. కాని అవి చచ్చిన పక్షుల లెక్క. బతికి ఎగిరిపోయినవి ఎన్నో ఆ పలకలకు తెలియదు. తరువాతి కాలంలో ఆ చిత్తడినేల జాతీయ ఉద్యానమైంది. ఒకే నీటిపై వేట లెక్క, ఉనికి లెక్క రెండూ జరిగిన స్థలం కావడం వల్ల అది మన చర్చకు ముఖ్యమైనది.

3. లెక్కకు క్రమం ఏర్పడిన తీరు

మొదటి క్రిస్మస్ గణనలో ఒకరు కొద్దిసేపు నడిచారు, మరొకరు చాలాసేపు నడిచారు. అటువంటి జాబితాలను పరస్పరం పోల్చడం కష్టం. ఈ లోపాన్ని అనుభవం క్రమంగా సవరించింది. గణన ప్రాంతాన్ని 15 మైళ్ల వ్యాసం గల వలయంగా నిర్ణయించారు. తేదీలను డిసెంబరు 14 నుంచి జనవరి 5 వరకు స్థిరపరచారు. ఎంతమంది, ఎన్ని గంటలు, ఎంత దూరం తిరిగారో కూడా రాయడం నియమమైంది. పది మంది చూసిన వంద పక్షులు, ఒక్కరు చూసిన వంద పక్షులు సమానం కావన్న గుర్తింపు దీని వెనుక ఉంది. చూసినదానితోపాటు చూడడానికి చేసిన శ్రమను కూడా నమోదు చేయడం ఈ పద్ధతిలోని ప్రధానమైన ముందడుగు.

ఈ గణన రెండు ప్రపంచ యుద్ధాల కాలంలోనూ ఆగలేదు. నేడు ఆడుబాన్ సంస్థ నిర్వహణలో 2,000కు పైగా వలయాలలో, పదుల వేల మంది భాగస్వామ్యంతో జరుగుతున్నది. దాని ప్రయోజనం దశాబ్దాల తరువాతగాని తెలియలేదు. 1980లలో అమెరికన్ నల్లబాతు సంఖ్య తగ్గుతున్నదని ఈ గణాంకాలు వెల్లడించాయి. దాని ఫలితంగా ఆ బాతు వేటపై ఆంక్షలు పెరిగాయి. నలభై సంవత్సరాల గణాంకాలను పరిశీలించి 2009లో ఆడుబాన్ సంస్థ ప్రకటించిన నివేదిక ప్రకారం, 305 జాతులలో 177 జాతుల శీతకాలపు నివాసం ఉత్తరదిశగా జరిగింది. చలి తగ్గుతున్న కొద్దీ పక్షులు దక్షిణానికి అంత దూరం రావలసిన అవసరం తగ్గింది. 1900లో టొరాంటోలో జాబితా రాసిన వ్యక్తికి వాతావరణ మార్పు అన్న మాటే తెలియదు. కాని ఆయన రాసిన పద్ధతి ఆ మార్పుకు సాక్ష్యం చెప్పగలిగింది.

ఐరోపాలో ఈ పద్ధతి నీటిపక్షుల వైపు మళ్లింది. బ్రిటన్‌లో 1947 నుంచి నీటిపక్షుల జాతీయ గణన, 1967 నుంచి అంతర్జాతీయ నీటిపక్షుల గణన జరుగుతున్నాయి. జనవరి మాసాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఉత్తరాన సంతానోత్పత్తి ముగించుకొని వలస వచ్చిన పక్షులు ఆ సమయానికి ప్రయాణం ఆపి, చిత్తడినేలల్లో గుంపులుగా స్థిరపడి ఉంటాయి. తిరుగు ప్రయాణం ఇంకా మొదలుకాదు. ఒకే పక్షి రెండుచోట్ల లెక్కలోకి వచ్చే అవకాశం అప్పుడు తక్కువ.

1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ నగరంలో చిత్తడినేలల ఒడంబడిక కుదిరింది. అది 1982లో మన దేశంలో అమలులోకి వచ్చింది. ఒక చిత్తడినేలకు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉందని నిర్ణయించడానికి ఆ ఒడంబడిక చెప్పిన ప్రమాణాలలో రెండు నేరుగా పక్షుల సంఖ్యపై ఆధారపడినవి. క్రమం తప్పకుండా 20,000 నీటిపక్షులకు ఆశ్రయమివ్వడం ఒకటి. ఒక జాతి లేదా ఉపజాతికి చెందిన మొత్తం జనాభాలో ఒక శాతానికి ఆశ్రయమివ్వడం మరొకటి. అప్పటి నుంచి స్వచ్ఛంద గణకుని కాగితంపై అంకెకు విధానపరమైన బలం చేకూరింది. 1987లో భారత ఉపఖండంలో ఆసియా నీటిపక్షుల గణన ఆరంభమైంది. మన దేశంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం, వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్ దీనిని సమన్వయపరుస్తున్నాయి.

4. తెలుగు నేలపై పరిశీలకులు

1883లో ఏర్పడిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రిక, వృత్తిరీత్యా ఇతర రంగాలకు చెందినవారి పరిశీలనలకు వేదికైంది. తెలుగు ప్రాంతాలకు సంబంధించి సాలిం అలీ 1931-32లో జరిపిన హైదరాబాదు రాజ్య పక్షుల సర్వే ఆ పత్రికలోనే భాగాలుగా వెలువడింది. అది శిక్షితుడైన పరిశీలకుని యాత్ర. ఏటా పునరావృతమయ్యే గణన కాదు. 1980లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం ఏర్పడింది. నేడు అది దక్కన్ బర్డర్స్ పేరుతో కొనసాగుతున్నది. ఆ సంఘం తన వార్తాపత్రికకు 'పిట్ట' అని పేరు పెట్టుకొన్నది.

ఈ పేరు వెనుక ఒక భాషాచరిత్ర ఉంది. పక్షిశాస్త్రంలో 'పిట్ట' ఒక ప్రజాతి నామం. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఏర్పరచిన ఈ నామానికి మూలం తెలుగు 'పిట్ట' శబ్దమే. అంతకుముందు మద్రాసు సెయింట్ జార్జి కోటలో వైద్యుడైన ఎడ్వర్డ్ బక్లీ పంపిన పక్షి చిత్రాలను పెటివర్ 1713లో లండన్‌లో ప్రచురించాడు. అందులో ఒక పక్షిని 'పొన్నంకి పిట్ట'కు దగ్గరగా ఉన్న రూపంలో దేశీయ నామంతో పేర్కొన్నాడు. అప్పుడు ఆ వైద్యునికి పేరు చెప్పినవారెవరో మనకు తెలియదు. పక్షిని చూపినవారు, పట్టి తెచ్చినవారు, పేరు చెప్పినవారు చరిత్రలో అనామకులుగా మిగిలారు. వారి మాట మాత్రం లాటిన్ నామావళిలో శాశ్వతంగా చేరింది. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా వరకు విస్తరించిన ఒక పక్షికుటుంబాన్ని ప్రపంచమంతా తెలుగు మాటతోనే పిలుస్తున్నది.

టి.సి. జెర్డన్ పందొమ్మిదవ శతాబ్దిలో రచించిన భారతీయ పక్షుల గ్రంథంలో తెలుగు నామాలనూ చేర్చాడు. ఆయన నెల్లూరులో వైద్యుడుగా పనిచేశాడు. ఆ కాలపు వలస ప్రభుత్వ ఉద్యోగికి దేశీయ నామం అవసరమైంది. ఎందుకంటే ఆ పేరు చెప్తేనే పక్షి ఎక్కడుందో చూపగలవారు ఊళ్లో ఉన్నారు.

5. కొల్లేటి గూడబాతులు: ఖాళీ కాలాల సమస్య

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు చేరుతాయి. ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి పోతుంది. 1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలోని ఆరేడు వద్ద గూడబాతుల సంతానోత్పత్తి కేంద్రాన్ని గుర్తించారు. అప్పుడు అక్కడ సుమారు 3,000 గూడబాతులు గూళ్లు కట్టుకొని ఉన్నాయి. ఆ వివరాలను ఆయన 1949లో బొంబాయి సంఘపు పత్రికలో ప్రచురించారు. నీలకంఠన్ వృత్తిరీత్యా ఆంగ్ల అధ్యాపకులు. 'ఇందుచూడన్' కలంపేరుతో మలయాళంలో రచనలు చేశారు. 1958లో వెలువడిన ఆయన 'కేరళత్తిలె పక్షికళ్' గ్రంథం మలయాళీలలో పక్షి పరిశీలనకు పునాది వేసింది.

ఈ కేంద్రం 1975 ప్రాంతానికి అదృశ్యమైంది. ఇక్కడే చరిత్ర విద్యార్థికి ప్రశ్న ఎదురవుతుంది. 1946లో మూడు వేలు, 1975 నాటికి శూన్యం. ఈ రెండు బిందువుల మధ్య ఏం జరిగింది? క్షీణత క్రమంగా జరిగిందా, రెండు మూడేళ్లలో కూలిపోయిందా? చెట్ల నరికివేత ముందా, గూళ్లకు కలిగిన ఆటంకం ముందా? ఆ ఏళ్లలో ఏటా ఒకసారి ఎవరో ఒకరు వెళ్లి లెక్క రాసి ఉంటే సమాధానం దొరికేది. ఆసియా నీటిపక్షుల గణన మొదలయ్యే నాటికి ఆ కేంద్రం లేకపోయి పన్నెండేళ్లు గడిచాయి. లేని దాని గురించి ఏ సర్వే ఎంత వెతికినా వెనుకటి సంవత్సరాలను తిరిగి లెక్కించలేదు. గణనలో తప్పిన సంవత్సరం కాలిపోయిన తాళపత్రం వంటిది. దానికి మరో ప్రతి ఉండదు.

తరువాతి చరిత్ర దీనికి భిన్నంగా నమోదైంది. చేపల చెరువుల విస్తరణ తరువాత, 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ ప్రదేశమైంది. 2006లో అక్రమ చెరువు గట్లను తొలగించారు. కైకలూరు సమీపంలోని ఆటపాక వద్ద ఏర్పాటుచేసిన ఇనుప స్టాండ్లపై గూడబాతులు మళ్లీ గూళ్లు కట్టాయి. ఈ దశలో జరిగిన ఏ మార్పునైనా చర్చించడానికి జనవరి లెక్కలు అందుబాటులో ఉన్నాయి. జీవనోపాధి కోసం చెరువులు కావాలన్న వాదన, చిత్తడినేల మిగలాలన్న వాదన ఎదురెదురుగా నిలిచిన చోట అంకె తీర్పు చెప్పదు. కాని వాదన ఊహపై గాక వాస్తవంపై నిలవడానికి అది అవసరం.

6. కలివికోడి: నమోదు కానిది లేనిదా?

ఈ చర్చకు మరో పార్శ్వం కలివికోడి. పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో జెర్డన్ ద్వారా శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదని పుస్తకాలు రాశాయి. అంతరించిపోయినట్లు చాలామంది భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ ఈ పక్షిని పట్టుకొన్నాడు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ దానిని నిర్ధారించారు. ఆ పక్షి కోసమే తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

శాస్త్రగ్రంథంలో ఎనభై ఆరేళ్లు ఖాళీగా ఉన్న స్థలంలో వాడుక భాషలో ఒక పేరు బతికే ఉంది. కలివి పొదలలో తిరిగే కోడి కనుక కలివికోడి. పక్షి ఎక్కడ ఉంటుందో ఆ పేరే చెప్తున్నది. కాబట్టి 'ఎవరూ చూడలేదు' అన్న వాక్యాన్ని 'చూసినవారి మాట పుస్తకానికి చేరలేదు' అని సవరించి చదవడం అవసరం. మౌఖిక ఆధారాలపై పరిశోధన చేసేవారికి ఈ సవరణ కొత్తది కాదు.

ఈ రెండు ఉదంతాలను కలిపి చూస్తే గణనకు సంబంధించిన ఆధారవిమర్శ స్పష్టమవుతుంది. గణనపత్రంలో సున్నా రాయడం, పత్రమే లేకపోవడం ఒకటి కావు. మొదటిది 'వెతికాము, కనిపించలేదు' అనే సాక్ష్యం. రెండవది మౌనం. అందుకే ఎండిపోయిన చెరువుకు కూడా వెళ్లి, పక్షులు లేవని రాయమని గణకులకు సమన్వయకర్తలు పదేపదే చెప్తారు. పక్షులు లేని చోటికి చలిలో ప్రయాణించి సున్నా రాసి రావడంలో వినోదం లేదు. స్వచ్ఛంద సేవకు అసలు పరీక్ష అదే.

7. చెరువుగట్టుపై ఒక ఉదయం

ఈ వ్యాసకర్త ఒక జనవరిలో విద్యార్థులతో కలిసి ఒక గ్రామపు చెరువు వద్ద గణనలో పాల్గొనడం జరిగింది. సూర్యోదయానికి ముందే గట్టుకు చేరినా పొగమంచు వల్ల చాలాసేపు నీరే కనిపించలేదు. మంచు విడిన తరువాత బాతుల గుంపు కనిపించింది. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కించడం సాధ్యం కాదు. యాభై పక్షుల పరిమాణాన్ని కంటితో కొలత పెట్టుకొని, అటువంటి ముక్కలు గుంపులో ఎన్ని ఉన్నాయో అంచనా వేయాలి. ఇద్దరు విద్యార్థులు విడివిడిగా లెక్కించగా ఇద్దరి అంకెలకు మధ్య నలభై పక్షుల తేడా వచ్చింది. సగటు రాస్తే సరిపోతుందని ఒకరన్నారు. మళ్లీ లెక్కిద్దామని మరొకరన్నారు. మళ్లీ లెక్కించే లోపల గద్ద నీడ పడి గుంపంతా లేచి అవతలి ఒడ్డుకు పోయింది. ఎగిరి కూర్చొన్నాక లెక్క మొదటి నుంచి చేయవలసి వచ్చింది. పాఠభేదాల మధ్య ఏ పాఠాన్ని స్వీకరించాలో తేల్చుకొనే పరిష్కర్త స్థితి అప్పుడు గుర్తుకొచ్చింది.

అంతకన్న ముఖ్యమైనది మరొకటి జరిగింది. నీటిపై నల్లగా తేలుతున్న పక్షులను విద్యార్థులు 'కూట్' అని రాశారు. తెలుగులో ఏమంటారని అడిగితే ఎవరూ చెప్పలేదు. వల సర్దుకొంటున్న పెద్దాయన ఒకరు మా మాటలు విని, "నామాలకోళ్లు గదా అయ్యా! నుదుట తెల్లనామం కనబడటం లేదా?" అన్నారు. దుర్భిణిలో చూస్తే నుదుటిపై తెల్లని గుర్తు స్పష్టంగా ఉంది. గుర్తింపు గ్రంథం ఒక పేరా రాసి చెప్పే లక్షణాన్ని ఆ పేరు ఒక్క మాటలో చెప్పింది. ఆయన పేరు మాత్రం మేము నింపిన పత్రంలో చేరలేదు. గణకుల పేర్ల వరుసలో మా పేర్లే ఉన్నాయి. బక్లీకి 'పిట్ట' అని చెప్పినవారి పేరు లేదని విచారించే మనం అదే పొరపాటును మళ్లీ చేస్తున్నామన్న సంగతి ఇంటికి తిరిగి వచ్చాకగాని తోచలేదు.

8. ఎవరు గణకులు? ఏ భాషలో?

2002లో మొదలైన ఈబర్డ్ వేదిక పక్షి పరిశీలనల నమోదును సులభతరం చేసింది. జనవరి గణన వివరాలను నేడు ఆ వేదిక ద్వారా కూడా సమర్పిస్తున్నారు. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 30,000 మందికి పైగా పరిశీలకులు నమోదు చేసిన సుమారు 3 కోట్ల పరిశీలనల ఆధారంగా 942 జాతులను అంచనా వేసింది. దీర్ఘకాలిక ధోరణిని నిర్ణయించడానికి తగినంత సమాచారం లభించిన 338 జాతులలో 204 క్షీణించాయి. ఈ నిర్ధారణ ప్రధానంగా స్వచ్ఛంద శ్రమఫలం.

అదే సంఖ్యను మరోవైపు నుంచి చదవాలి. 942 జాతులలో 338కి మాత్రమే దీర్ఘకాలిక ధోరణి చెప్పగలిగారంటే మిగిలిన జాతుల గతం మనకు తగినంతగా లేదు. పరిశీలకులు ఎక్కువగా ఉన్న నగరాల చుట్టూ సమాచారం దట్టంగా ఉంటుంది. మారుమూల చెరువులకు అది పలుచబడుతుంది. దుర్భిణి కొనగలవారు, ఆంగ్ల నామాలు తెలిసినవారు, సెలవు దొరికేవారు గణకులవుతారు. ఏడాది పొడవునా నీటిపై ఉండే మత్స్యకారుడు, పొలం కాపలాదారు, పశువుల కాపరి ఎక్కువగా సమాచారదాతలుగానే మిగులుతారు.

దీనిలో భాషకు పాత్ర ఉంది. తెలుగులో 'కొంగ' అనే సామాన్యశబ్దం కింద తెల్లకొంగ, గుడ్డికొంగ, నత్తగుల్ల కొంగ వంటి పేర్లున్నాయి. శాస్త్రం వేర్వేరు కుటుంబాలుగా చూపే పక్షులు వీటిలో ఉన్నాయి. ఒకే పేరు రెండు జాతులకు, ఒకే జాతికి ప్రాంతభేదంతో అనేక పేర్లు ఉండడం కూడా నిజమే. ఇది గణనకు ఆటంకమని దేశీయ నామాన్ని పక్కన పెట్టడం తేలిక. మాండలిక పదకోశాలు నిర్మించిన భాషకు ఈ సమస్య కొత్తది కాదు. వృత్తిపదాలను సేకరించినట్లే పక్షినామాలను ఊరు, చెప్పినవారు, చూపిన పక్షి అనే మూడు వివరాలతో సేకరించి, శాస్త్రీయ నామంతో అనుసంధానించడం తెలుగు శాఖలు చేయగల పని. మలయాళంలో ఒక ఆంగ్ల అధ్యాపకుడు మొదలుపెట్టిన పనిని తెలుగులో తెలుగు అధ్యాపకులు విస్తరించడానికి అవరోధమేమీ కనిపించదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

శీతకాలపు పక్షిగణన వేట వినోదపు రూపాన్ని నిలిపి, దాని లక్ష్యాన్ని మార్చడం ద్వారా పుట్టింది. సామాన్యులు అందులో సులభంగా చేరగలగడానికి ఇదొక కారణం.

గణన విలువ ఒక సంవత్సరపు అంకెలో లేదు, ఎడతెగని వరుసలో ఉంది. ఆరేడు గూడబాతుల ఉదంతం ఆ వరుస లేనప్పుడు కలిగే నష్టాన్ని చూపుతుంది.

సున్నాకు, మౌనానికి భేదం పాటించడం ఈ ఆధారాన్ని వాడే పరిశోధకుని మొదటి బాధ్యత. కలివికోడి ఉదంతం ఇందుకు సాక్ష్యం.

తెలుగు మాట ప్రపంచ పక్షిశాస్త్రానికి ఒక ప్రజాతి నామాన్ని ఇచ్చింది. నేటి తెలుగు నేలపై జరిగే గణనలో ఆ భాషకు తగిన చోటు ఇంకా ఏర్పడవలసి ఉంది. పత్రంలో దేశీయ నామానికి ఒక గడి, ఆ పేరు చెప్పినవారికి గణకుల వరుసలో ఒక స్థానం ఇవ్వడంతో ఆ పని మొదలుకావచ్చు.

భరత్‌పూర్ రాతిపలకలు ఒక్కొక్క రోజు గర్వాన్ని చెక్కి నిలిపాయి. జనవరి గణనపత్రాలు ఎవరి గర్వాన్నీ చెప్పవు. వాటిలో తేదీ, సమయం, చెరువు పేరు, కొన్ని అంకెలు, కొన్ని సున్నాలు మాత్రమే ఉంటాయి. ఇంకో వందేళ్లకు ఈ చెరువుల చరిత్ర రాయబోయే పరిశోధకునికి కావలసినవి అవే.